డికెన్స్ నుంచి వీరేశలింగం దాకా: 19వ శతాబ్దపు పత్రికలు సేకరించేవాళ్లు ఇటు రండి

పాతకాగితం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పాత నవలల మొదటి ముద్రణలు కొన్నాళ్లుగా కొంటున్నాను గానీ పత్రికల జోలికి ఎప్పుడూ పోలేదు. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎంసెట్ గైడ్ల కింద ఒక లావుపాటి సంపుటం దొరికింది. 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' అనే ఇంగ్లిష్ వారపత్రిక, 1854 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా సంచికలన్నీ కలిపి కుట్టింది. హాఫ్ లెదర్ బైండింగ్. ఆ తోలు ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుకుంటోంది. లోపల కాగితం మాత్రం ఇంకా మెత్తగా, బాగానే ఉంది. రెండు కాలమ్‌ల అచ్చు, బొమ్మ అన్నది ఒక్కటీ లేదు. నిర్వాహకుడు చార్లెస్ డికెన్స్ అని పేజీల నెత్తిన వేశారు. ఏప్రిల్ 1 సంచికలో 'హార్డ్ టైమ్స్' మొదలై ఆగస్టు 12తో అయిపోతుంది. డికెన్స్ పేరు తప్ప ఇంకెవరి పేరూ కనపడదు.

రెండు వేలు అడిగాడు, బేరమాడితే పన్నెండు వందలకి ఇచ్చాడు. దీన్ని 'హార్డ్ టైమ్స్' మొదటి ముద్రణ అనొచ్చా? పేర్లు లేని మిగతా వ్యాసాలు ఎవరివో తెలుసుకునే దారి ఉందా? ఇలాంటివి సేకరించేవాళ్లు మనలో ఎవరున్నారు? అన్నట్టు, వీరేశలింగంగారి వివేకవర్ధని లాంటి మన పత్రికలు ఎవరి చేతికైనా చిక్కాయా?

ఆదివారం_అబిడ్స్

పన్నెండు వందలా! మనోడు నిన్ను చూసి పాపం అనుకున్నట్టున్నాడు. ఎవరి దగ్గర కొన్నావో మెసేజ్ చెయ్యి తమ్ముడూ. ఇంకా మిగతా సంపుటాలు అదే ఇంటి నుంచి వచ్చి ఉండాలి, అవి ఎప్పుడూ జంటగానో గుంపుగానో బయటపడతాయి.

థేమ్స్‌పక్క (లండన్)

పాతకాగితం గారూ, మంచి చోటే మొదలుపెట్టారు. నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఇదే పిచ్చిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

'హౌస్‌హోల్డ్ వర్డ్స్' 1850 మార్చి 30న మొదలై 1859 మే 28తో ఆగిపోయింది. ప్రచురణకర్తలు బ్రాడ్‌బరీ అండ్ ఇవాన్స్‌తో డికెన్స్‌కి చెడింది, వాళ్లని వదిలేసి 'ఆల్ ది ఇయర్ రౌండ్' అని సొంతంగా పెట్టుకున్నాడు. ఒకే పత్రిక జనానికి మూడు రూపాల్లో చేరేది. వారం వారం రెండు పెన్నీల సంచిక, నెలకోసారి ఆ సంచికలన్నీ కలిపి కవరు వేసిన భాగం, ఆరు నెలలకోసారి సంపుటం. మీకు దొరికింది మూడోది. ఇంగ్లండులో ఇవి బాగానే దొరుకుతాయి, ధర కూడా మరీ ఆకాశంలో ఉండదు. దొరకనిది విడి వారపు సంచిక, కవరుతో ఉన్న నెల భాగం. బైండరు చేతికి వెళ్లగానే కవర్లు, ప్రకటనల కాగితాలు చింపి అవతల పారేసేవాడు. అప్పట్లో అవి చెత్త. ఇప్పుడు మేం డబ్బులు పోసేది వాటికే.

'మొదటి ముద్రణ' అనొద్దు. అమ్మేవాళ్లు అలాగే అంటారు, ఆన్‌లైన్‌లో సగం మంది ఇదే మాటతో ధర పెంచుతారు. మీ దగ్గరున్నది ఆ నవల మొదటిసారి వెలుగు చూసిన చోటు. పుస్తకంగా మొదటి ముద్రణ అదే ఏడాది విడిగా వచ్చింది. రెంటికీ పాఠంలోనే తేడా ఉంది. పుస్తకంలో కనిపించే మూడు భాగాల విభజన, అధ్యాయాల పేర్లు మీ సంపుటంలో ఉండవు, తిప్పి చూడండి. నా లెక్కలో పుస్తకం కన్నా ఇదే ఆసక్తికరం. ఎందుకంటే డికెన్స్ తర్వాతి భాగాలు ఇంకా రాస్తుండగానే పాఠకుడు ముందు భాగాలు చదువుతున్నాడు. ఆ హడావుడి మీ చేతిలో ఉంది.

పేర్ల సంగతి. డికెన్స్ కింద సహాయ సంపాదకుడు డబ్ల్యూ. హెచ్. విల్స్. ఎవరు ఏ వ్యాసం రాశారు, ఎంత ఇచ్చారు అన్నది ఆయన ఒక ఆఫీసు పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ పుస్తకం పోకుండా అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చేరింది. దాని ఆధారంగా ఆన్ లోర్లీ అనే పరిశోధకురాలు 1973లో మొత్తం జాబితా అచ్చు వేసింది. ఇప్పుడైతే 'డికెన్స్ జర్నల్స్ ఆన్‌లైన్' సైట్‌లో పేజీల స్కాన్లతో సహా ఉచితంగా చూసుకోవచ్చు.

సందేహాలరావు

నాదొక మొద్దు ప్రశ్న, తిట్టకండి. ఉచితంగా నెట్‌లో పేజీ పేజీ కనపడుతుంటే ఈ ఎర్ర పొడి రాలే సంపుటానికి డబ్బు పెట్టడం ఎందుకు? పైగా ఇంట్లో చోటు.

ఆదివారం_అబిడ్స్

రావు గారూ, బిర్యానీ ఫొటో ఫోన్‌లో ఫ్రీగానే వస్తుంది.

థేమ్స్‌పక్క (లండన్)

నవ్వొచ్చింది గానీ ఆ ప్రశ్నకి అసలు జవాబు వేరే ఉంది. స్కాన్లు తీసింది ఎక్కువగా గ్రంథాలయాల బైండింగ్ సంపుటాల నుంచే. అంటే కవర్లు, ప్రకటనలు అక్కడా లేవు! పక్క పేజీలో ఏ సబ్బు ప్రకటన ఉంది, ఏ వలస ఓడ టికెట్ల ధర ఉంది అన్నది విడి సంచికలోనే తెలుస్తుంది. ఆ కవరున్న సంచిక ఎవరి అటకమీదో ఉంటే తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

బైండింగ్ సంపుటం కూడా ఒక్కోసారి మన కళ్లు తెరిపిస్తుంది. 2015లో జెరెమీ పారట్ అనే పాత పుస్తకాల వ్యాపారి తాను కొన్న 'ఆల్ ది ఇయర్ రౌండ్' 20 సంపుటాల సెట్టులో ప్రతి రచన పక్కనా పెన్సిల్‌తో రచయిత పేరు రాసి ఉందని బయటపెట్టాడు. ఆ చేతిరాత డికెన్స్‌దే అన్నారు. ఆ పత్రికకి విల్స్ పుస్తకం లాంటిది ఏదీ మిగల్లేదు కాబట్టి అప్పటిదాకా వందల వ్యాసాలు అనాథలు. ఆయన ఆ సెట్టు కొన్నది మామూలు పాత సెట్టుగా, ఆన్‌లైన్‌లో.

అందుకే మార్జిన్లు చూడకుండా ఏ సంపుటాన్నీ పక్కన పెట్టను.

పాతకాగితం (హైదరాబాద్)

మార్జిన్లు చూశాను అక్కా, రెండు చోట్ల ఎవరో పిల్లాడు ఎక్కాలు రాసుకున్నాడు. పన్నెండో ఎక్కం తప్పు.

అధ్యాయాల పేర్లు నిజంగానే లేవు.

ఆదివారం_అబిడ్స్

మన దగ్గర ఏం దొరుకుతాయో నేను చెప్తా, లండన్ కథలు లండన్‌లోనే బాగుంటాయి. క్లబ్బుల లైబ్రరీలు, మిషన్ స్కూళ్లు, రైల్వే ఇన్‌స్టిట్యూట్లు ఖాళీ చేసినప్పుడు వచ్చేవి ఇవే: 'స్ట్రాండ్' సంపుటాలు, 'పంచ్', 'చేంబర్స్ జర్నల్', 'కార్న్‌హిల్', 'బ్లాక్‌వుడ్స్'.

స్ట్రాండ్ అంటే షెర్లాక్ హోమ్స్. 1891 జనవరిలో జార్జ్ న్యూన్స్ మొదలుపెట్టిన మాసపత్రిక, ఆరు పెన్నీలు. అదే ఏడాది జులైలో 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా', సిడ్నీ పేజెట్ బొమ్మలతో. ఆరు నెలలకో సంపుటం, లేత నీలం క్యాలికో గుడ్డ మీద బంగారు అక్షరాలు. 1891 రెండో సంపుటానికి, 1893 చివరి సంపుటానికి జనం ఎగబడతారు. మొదటిదాంట్లో హోమ్స్ కథలు మొదలవుతాయి, రెండోదాంట్లో డిసెంబర్ సంచికలో హోమ్స్‌ని జలపాతంలో పడేస్తారు. నేను మాత్రం 1893 మొదటి సగం కోసం చూస్తున్నా. జనవరి సంచికలో 'ది కార్డ్‌బోర్డ్ బాక్స్' ఉంది. ఆ కథని లండన్‌లో వేసిన 'మెమాయిర్స్' మొదటి పుస్తకంలో తీసేశారు. అంటే ఆ పుస్తకం కొన్నవాడికి లేని కథ నాకు ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. మన దగ్గర దొరికే సంపుటాల్లో సగానికి బొమ్మలు ఎగిరిపోయి ఉంటాయి. ఫ్రేములు కట్టి అమ్మేవాళ్లు బ్లేడుతో కోసేస్తారు. ముఖ్యంగా కార్న్‌హిల్‌లో మిలే బొమ్మలు, 1862-63లో 'రొమోలా' నవలకి లేటన్ వేసినవి. మొదట్లో ఉన్న బొమ్మల జాబితా తీసి ఒక్కోటీ లెక్క పెట్టుకోండి. రెండోది, వాసన చూడండి. బూజు వాసన వస్తే దాన్ని ఇంటికి తెచ్చి మిగతా పుస్తకాల పక్కన పెట్టొద్దు.

చెన్నపట్నం

బ్లాక్‌వుడ్స్ అన్నారు కాబట్టి ఒక మాట. 1899 ఫిబ్రవరి సంచిక దొరికితే వదలొద్దు. అది ఆ పత్రిక వెయ్యో సంచిక, కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మొదటి భాగం అందులోనే. ఏప్రిల్ దాకా మూడు సంచికలు. హోమ్స్ మోజు వల్ల స్ట్రాండ్‌కి ఉన్న పోటీ దీనికి ఉండదు, అమ్మేవాడికి కూడా లోపల ఏముందో తెలియదు చాలాసార్లు.

మూర్ మార్కెట్ రోజుల్లో ఇలాంటివి కుప్పలుగా ఉండేవని మా నాన్న చెప్పేవారు. 1985 మేలో అది కాలిపోయింది. ఎన్ని పోయాయో దేవుడికెరుక.

సందేహాలరావు

మరి అన్నిటికన్నా ఖరీదైనది ఏది? ఊరికే తెలుసుకుందామని. ఒకవేళ మా తాతగారి పెట్టెలో ఉంటే.

థేమ్స్‌పక్క (లండన్)

అందరూ కలలు కనేది 'బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్' 1887. హోమ్స్ మొదటి కథ 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' మొత్తం అందులో వచ్చింది. ఒక షిల్లింగు ధర, కాగితం అట్ట. కోనన్ డాయిల్‌కి హక్కులన్నీ కలిపి 25 పౌండ్లు చేతిలో పెట్టారు, అంతే. పండగ పుస్తకం కదా, చదివి పారేశారు. ఇప్పుడు తెలిసిన ప్రతులు ప్రపంచం మొత్తం మీద కొన్ని పదులే, వాటిలో చాలావరకు అట్టలు లేనివో అతుకులు వేసినవో. 2007లో న్యూయార్క్ వేలంలో ఒకటి 1,56,000 డాలర్లు పలికింది.

కానీ రావు గారూ, మీ తాతగారి పెట్టెలో అది కనపడితే ముందు నకలు ముద్రణ కాదని చూసుకోండి. దీనికి ఒకటి కాదు, చాలాసార్లు అచ్చుగుద్దినట్టు నకళ్లు వేశారు. మోసం చేద్దామని కాదు, అభిమానుల కోసం వేసినవి. చేతులు మారి, చివర 'ఇది నకలు' అని చెప్పే కాగితం ఊడిపోయి, అసలుదిగా తిరుగుతుంటాయి. కవి, చిత్రకారుడు రోసెట్టి, ఆయన మిత్రులు నడిపిన పత్రిక 'ది జెర్మ్' కూడా అంతే. 1850లో నాలుగంటే నాలుగు సంచికలు వచ్చి మూతపడింది. 1901లో ఎలియట్ స్టాక్ దానికి నకలు వేశాడు. ఆ నకలుకే ఇప్పుడు నూరేళ్లు దాటాయి కాబట్టి కాగితం పాతబడటం చూసి ఏమీ తేల్చలేం.

అందుబాటులో ఉన్నవి కావాలంటే 'లిపింకాట్స్' మాసపత్రిక. 1889 ఆగస్టు 30న లాంగమ్ హోటల్లో దాని సంపాదకుడు స్టాడర్ట్ ఇద్దరు రచయితలకి భోజనం పెట్టాడు, ఒకరు కోనన్ డాయిల్, ఇంకొకరు ఆస్కార్ వైల్డ్. ఫలితం 1890 ఫిబ్రవరిలో హోమ్స్ రెండో నవల, జులైలో 'డోరియన్ గ్రే'. ఈ జులై సంచికలో 13 అధ్యాయాలే ఉంటాయి. మరుసటి ఏడు పుస్తకంలో 20 అయ్యాయి, ఘాటుగా ఉన్నవి కొన్ని మెత్తబడ్డాయి. అప్పట్లో డబ్ల్యూ. హెచ్. స్మిత్ వాళ్లు తమ రైల్వే స్టాళ్ల నుంచి ఆ సంచికను తీసేశారు. వైల్డ్ మీద గొడవ జరిగింది ఏ పాఠం గురించో చదవాలంటే ఆ పత్రికే చదవాలి. దీన్ని ఇంకా జీతం రాళ్లతో కొనొచ్చు, కవరు లేకుండా అయితే.

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరి మాటలూ చదివాను. ఇంగ్లిష్ పత్రికల వైభోగం బాగుంది. పాతకాగితం గారు అడిగిన ఆఖరి ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు, అందుకని నేను రాస్తున్నాను.

వివేకవర్ధని 1874 అక్టోబర్‌లో మొదలైంది. తొలినాళ్లలో చెన్నపట్నంలో అచ్చయి వచ్చేది. తర్వాత వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలోనే సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. 1878లో 'రాజశేఖర చరిత్రము' అందులోనే ధారావాహికగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. మీరు 'హార్డ్ టైమ్స్' గురించి చెప్పుకున్న ముచ్చటంతా మన తొలి నవలల్లో ఒకటైన దీనికీ వర్తిస్తుంది. తేడా ఏమిటంటే, ఆ సంచికలు వరసగా పట్టుకొచ్చి నా ముందు పెట్టే మనిషి నాకు ఈ జన్మలో ఎదురుపడలేదు. విడి సంచికలు కూడా కాదు, విడి కాగితాలు చూశాను. ఒకటి మా ఊళ్లోనే, పాత దస్తావేజుల కట్ట చుట్టూ చుట్టి ఉంది. మీద కరణంగారి లెక్కలు, కింద హాస్యప్రసంగం సగం.

ఆయన వ్యాసాలు మనకి మిగిలాయంటే తన రచనలన్నీ సంపుటాలుగా తానే అచ్చు వేయించుకోవడం వల్ల. కానీ ఎదుటివాళ్ల రాతలు? కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి 'ఆంధ్రభాషా సంజీవని'తో వివేకవర్ధనికి జరిగిన పోరు సామాన్యమైనదా! వారు హాస్యవర్ధని అంటే వీరు హాస్యసంజీవని అన్నారు. ఒక పక్క మాటలే పుస్తకాల్లో నిలిచాయి. రెండో పక్క వినాలంటే పత్రిక సంచికలే దిక్కు.

నెల్లూరి నుంచి పూండ్ల రామకృష్ణయ్యగారు 1885లో 'అముద్రిత గ్రంథ చింతామణి' మొదలుపెట్టారు. తాళపత్రాల్లో మగ్గుతున్న కావ్యాలని నెలనెలా కొన్ని పుటల చొప్పున అచ్చు వేసేవారు. జనం ఆ పుటల్ని విడదీసి కావ్యం కావ్యంగా బైండు చేయించుకున్నారు. దాంతో పత్రిక పత్రికగా మిగల్లేదు. లండన్ అమ్మాయి చెప్పిన బైండరు కథే, కాకపోతే ఇక్కడ కత్తెర పట్టింది పండితులు.

రాజమండ్రి 'చింతామణి' సంగతి వేరు. న్యాపతి సుబ్బారావు పంతులుగారి పూనికతో నవలల పోటీలు పెట్టింది ఆ పత్రిక. చిలకమర్తివారి 'రామచంద్ర విజయము' 1894లో ఆ పోటీకి రాసిందే. ఆడవాళ్ల పత్రికల్లో రాయసం వెంకట శివుడుగారి 'తెలుగు జనానా' 1893 నుంచి. భండారు అచ్చమాంబ కథలు అందులో వచ్చాయి. 'దిద్దుబాటు' 1910లోది కదా, తొలి కథ ఏది అన్న వాదన తెగాలంటే ఈ పత్రికల పుటలే సాక్ష్యం. అందుకే వీటిని ముచ్చట కోసం దాచే వస్తువులుగా చూడలేను.

ఖరగ్‌పూర్_తెలుగు

మాస్టారూ నమస్తే. గురజాడ వారి సంగతి మీరు వదిలేశారు. ఆయన ఇంగ్లిష్ పద్యకావ్యం 'సారంగధర' 1883లో విజయనగరం నుంచి వచ్చే 'ఇండియన్ లీజర్ అవర్'లో పడింది. అది చూసి కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ తన 'రెయిస్ అండ్ రయ్యత్' పత్రికలో మళ్లీ వేసుకున్నారు, ఉత్తరం రాసి మెచ్చుకున్నారు. అంటే కన్యాశుల్కం రాకముందే ఆయన పేరు కలకత్తా దాకా వెళ్లింది. కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్లినప్పుడల్లా ఈ రెయిస్ అండ్ రయ్యత్ గురించి అడుగుతూనే ఉంటాను. అక్కడి వాళ్లు నన్ను చూడగానే "లేదు దాదా" అని ముందే చెప్పేస్తున్నారు.

బెంగాలీ వాళ్ల పని కొంత నయం. బంకించంద్ర 1872లో పెట్టిన 'బంగదర్శన్' బైండు సంపుటాలు పాత ఇళ్లలో ఇంకా ఉన్నాయి. 'ఆనందమఠం' 1882లో పుస్తకం కాకముందు అందులోనే ధారావాహికగా నడిచింది, వందేమాతరం పాటతో సహా. కాకపోతే ధర వింటే టెన్షన్ వస్తుంది.

చెన్నపట్నం

కిప్లింగ్ కూడా ఈ లెక్కలోకే వస్తాడు. లాహోర్‌లో 'సివిల్ అండ్ మిలిటరీ గెజిట్'లో 1882 నుంచి ఐదేళ్లు ఉద్యోగం, తర్వాత అలహాబాద్ 'పయొనీర్'. 'ప్లెయిన్ టేల్స్' కథలు చాలావరకు ఆ లాహోర్ దినపత్రికలో ఖాళీ నింపడానికి రాసినవే. దినపత్రిక కాగితం ఎవడు దాస్తాడు? ఏ రచన ఎక్కడ పడిందో మనకి తెలిసింది ఆయన తన కటింగులు తనే ఆల్బముల్లో అంటించుకోవడం వల్ల కూడా. అవి ఇప్పుడు ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1888లో వీలర్ వాళ్లు రైల్వే స్టాళ్లలో రూపాయికి అమ్మిన ఆయన చిన్న పుస్తకాలే ఇప్పుడు మామూలు మనిషికి అందవు, ఇక ఆ పత్రికల మాట చెప్పేదేముంది.

జిగురుసీసా (బైండింగ్, మరమ్మతు పని)

నాకు సాహిత్యం పెద్దగా తెలియదు, కాగితం తెలుసు. ఆ ఎర్ర పొడి గురించి ఎవరూ చెప్పలేదేంటి?

దాన్ని రెడ్ రాట్ అంటాం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తోలు పదును చేసిన పద్ధతి, దానికి తోడు గాలిలో పొగ, వేడి. తోలులో ఆమ్లం పెరిగి పొడి అవుతుంది. ఒకసారి మొదలయ్యాక వెనక్కి తేలేం. పాతకాగితం గారూ, దయచేసి కొబ్బరినూనె, షూ పాలిష్, వాసెలిన్ లాంటివి పూయొద్దు. చాలామంది పూస్తారు, నల్లగా జిడ్డు పట్టి ఇంకా పాడవుతుంది. ఆమ్లం లేని కాగితంతో ఒక జాకెట్ చేసి తొడగండి, పొడి పేజీల్లోకి పోకుండా ఉంటే చాలు. వెన్ను పట్టి లాగి షెల్ఫు నుంచి తీయొద్దు, రెండు పక్కల పుస్తకాలూ వెనక్కి నెట్టి నడుము దగ్గర పట్టుకోండి.

లోపలి కాగితం బాగుందన్నారు, ఉంటుంది. 1850ల కాగితం చాలావరకు గుడ్డపేలికల గుజ్జుతో చేసింది. తర్వాత చెక్క గుజ్జు వచ్చింది. అందుకే 1854 నాటి మీ పేజీ వంగుతుంది, 1895 నాటి పత్రిక పేజీ మూల మడిస్తే అప్పడంలా విరుగుతుంది. మాస్టారు చెప్పిన తెలుగు పత్రికలకి వచ్చిన చిక్కు ఇదే. చవక కాగితం, కోస్తా చెమ్మ, చెదలు.

సెల్లోటేపు వేసినవాడి చేతులు విరగ్గొట్టాలి. చిరుగు ఉంటే సన్నటి జపనీస్ టిష్యూ, గోధుమ పిండిలో బంక తీసేసిన గంజి. ఇంట్లో మైదా ఉడకబెట్టి అంటించొద్దు, పురుగులకి విందు. లామినేషన్ అసలొద్దు, ప్లాస్టిక్‌లో పెట్టి వేడి చేశాక ఇక దాన్ని ఎవరూ విడదీయలేరు. ఫొటో తీయాలంటే సంపుటాన్ని స్కానర్ మీద బోర్లా నొక్కకుండా, సగమే తెరిచి దిండు ఆసరా పెట్టి పైనుంచి ఫోన్‌తో తీయండి.

ఆదివారం_అబిడ్స్

జిగురు అన్నా, లైబ్రరీ స్టాంపు తీసే మందు ఏమన్నా ఉందా?

జిగురుసీసా

ఉంది. చెప్పను.

గోదారిగట్టు (రాజమండ్రి)

ఆ ప్రశ్న హాస్యానికి అడిగినా బాగులేదు నాయనా. ఒక గ్రంథాలయం, ఊరు పేరు అనవసరం, ఇరవై ఏళ్ల కిందట చూసినప్పుడు అందులో 'చింతామణి' సంపుటాలు బీరువాలో వరసగా ఉండేవి. మళ్లీ వెళ్లేసరికి ఆ అర ఖాళీ. రిజిస్టరులో ఉన్నట్టే ఉంది. అవి ఎక్కడికి పోయాయి? మీలాంటి వాళ్లు కొంటారు కాబట్టే పోయాయి.

ఆదివారం_అబిడ్స్

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. నేను కొనకపోతే ఆ సంపుటం మళ్లీ బీరువాలోకి వెళ్లదు. కాగితాల మిల్లుకి వెళ్తుంది, కిలో లెక్కన. స్టాంపు చూసి వెనక్కి తగ్గితే ఈ దేశంలో పాత పత్రిక అన్నది కొనలేం. ఇంగ్లిష్ వాటిలో సగం క్లబ్బులే తూకానికి వేసినవి, వాటికి యజమాని అన్నవాడే లేడు.

థేమ్స్‌పక్క (లండన్)

రెండూ ఒకటి కాదు. ఇక్కడ గ్రంథాలయం అమ్మేస్తే స్టాంపు మీద 'రద్దు' ముద్ర వేస్తుంది. అది లేకపోతే పేరున్న వ్యాపారి ముట్టుకోడు, ముందు ఆ గ్రంథాలయానికి రాసి కనుక్కుంటాడు. మూతపడ్డ క్లబ్బు సంగతి వేరు, ఇంకా నడుస్తున్న గ్రంథాలయం స్టాంపు వేరు. నడుస్తున్నదైతే ఒక ఫోన్ చేయడానికి ఎంత కష్టం?

మాస్టారూ, నాకొక సందేహం. ఎవరి దగ్గరైనా వివేకవర్ధని విడి సంచిక సక్రమంగా అమ్మకానికి ఉంటే లండన్‌కి పంపించుకోవచ్చా?

చెన్నపట్నం

తొందరపడకండి. పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం 75 ఏళ్లు దాటిన రాతప్రతులు, సాహిత్య చారిత్రక విలువ ఉన్న పత్రాలు పురావస్తువులే. దేశం దాటించే హక్కు మామూలు మనుషులకి లేదు. అచ్చు పత్రిక ఆ నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్నది మనలో మనం తేల్చుకునే విషయం కాదు. పురావస్తు శాఖ నుంచి రాతపూర్వకంగా కాగితం తీసుకోకుండా కొరియర్‌లో వేస్తే మీకూ పంపినవాడికీ చిక్కే.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా, పంపడం మాట అటుంచు. నీకు కావలసింది అక్కడే ఉండొచ్చు. 1867 ముద్రణ చట్టం వచ్చాక ఇక్కడ అచ్చయిన పుస్తకాల ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చేది. వాటిలో ఏరినవి లండన్ చేరాయి. బ్రిటిష్ లైబ్రరీలో తెలుగు అచ్చు సామగ్రి చాలా ఉంది. నీ ఇంటికి మెట్రో దూరంలో ఉన్నదాన్ని మేం ఇక్కడ వేటపాలెం, రాజమండ్రి, సుల్తాన్‌బజార్ గ్రంథాలయాల్లో వెతుకుతున్నాం. తీరిక చేసుకుని ఒకసారి కేటలాగు చూడు. 'తెలుగు జనానా', 1898. ఏ నెలలు ఉన్నాయో చెప్పు చాలు.

అబిడ్స్ నాయనా, నీతో వాదన నాకొద్దు. నీ దగ్గర తెలుగు పత్రికలు ఏవైనా ఉంటే, స్టాంపు ఉన్నా లేకున్నా, ముందు ఫొటోలు తీసి అందరికీ పెట్టు. కాగితం నీ దగ్గరే ఉంచుకో. పోయిన బీరువా గురించి నేను ఏడవడం మానేసి చాలాకాలమైంది, అందులో అచ్చయిన మాట మిగిలితే చాలు.

ఆదివారం_అబిడ్స్

ఉన్నాయి మాస్టారూ. 'చింతామణి' కాదు, భయపడకండి. 1890లవి రెండు, అట్టలు లేవు, పేరు ఉన్న పుట లేదు, అందుకే ఏ పత్రికో తెలియట్లేదు. ఈ శనివారం తీసి పెడతా. స్టాంపు కూడా ఫొటోలో పడేలాగే తీస్తా, సరేనా.

థేమ్స్‌పక్క (లండన్)

'తెలుగు జనానా' నా బాధ్యత మాస్టారూ. వచ్చే వారం రీడర్ పాస్ పని చూస్తాను.

సందేహాలరావు

ఇంకో మొద్దు ప్రశ్న. కొత్తగా మొదలుపెట్టేవాడు ఒకే ఒక్కటి కొనాలంటే?

థేమ్స్‌పక్క (లండన్)

మీకు ఇష్టమైన నవల ఒకటి చెప్పండి. అది మొదట ఏ పత్రికలో పడిందో వెతికి, అందులోంచి ఒక్క సంచిక కొనండి. ఉదాహరణకి 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. లండన్‌లో 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో 1860 డిసెంబర్ 1న మొదలైతే, అమెరికాలో 'హార్పర్స్ వీక్లీ' వారం ముందే, నవంబర్ 24న మొదలుపెట్టింది, అదీ మెక్లెనన్ బొమ్మలతో. లండన్ దాంట్లో బొమ్మలే లేవు. హార్పర్స్ పెద్ద సైజు, విడి సంచికలు దొరుకుతాయి, పక్కనే అమెరికా అంతర్యుద్ధం వార్తలు. సెట్టు పూర్తి చేయాలన్న పిచ్చి మాత్రం మొదట్లో పెట్టుకోవద్దు. రచయిత పేరు తెలియని 'బ్లాక్‌వుడ్స్' లాంటి మాసపత్రికలైతే 'వెల్స్‌లీ ఇండెక్స్' ఐదు సంపుటాల్లో పేర్లు ఉంటాయి. వారపత్రికలు అందులో ఉండవు, గుర్తుంచుకోండి.

పాతకాగితం (హైదరాబాద్)

రాత్రి కూర్చుని సంపుటాన్ని ఆ 'డికెన్స్ జర్నల్స్' సైట్‌తో పోల్చి చూశాను. మే 20 సంచికలో 'కంపెనీ మేనర్స్' అని అతిథి మర్యాదల మీద ఒక సరదా వ్యాసం ఉంది, పేరు లేదు. అది ఎలిజబెత్ గాస్కెల్‌దట! ఫిబ్రవరి 25న గ్రీకు జానపద గేయాల మీద ఉన్నది కూడా ఆవిడదే. నేను 'హార్డ్ టైమ్స్' కోసం కొన్నాను, కానీ ఆవిడ వ్యాసమే ముందు చదివి ముగించాను. పుటలన్నీ సరిగ్గా ఉన్నాయి, విషయసూచిక ఒక్కటి లేదు. జాకెట్ కాగితం తెప్పించుకుంటున్నా, జిగురుసీసా గారికి థాంక్స్.

అబిడ్స్ అన్నా, ఆ అమ్మినాయన దగ్గర ఇంకో మూడు నీలం రంగు సంపుటాలు గోనెసంచిలో ఉన్నాయి. అప్పుడు నాకు తెలియక చూడలేదు.

ఆదివారం_అబిడ్స్

నీలం రంగా? లేత నీలమా? తమ్ముడూ ఫోన్ ఎత్తు. అందులో 1893 ఉంటే అది నాది, ముందే చెప్తున్నా.